దగ్గర కావాల్నా, సీటు కావాల్నా

సారు పోయిన సంగతి నాకు కర్నూలులో మా కరెంటాఫీసు లైన్‌మన్ చెప్పాడు. సెలవు పెట్టి నంద్యాలలో చెల్లెలి ఇంటికి పోయి వచ్చాడతను. ఏ ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిందో, ఎక్కడ తీగలు తెగాయో, రైతులు మమ్మల్ని ఏమని తిడుతున్నారో అన్నీ చెప్పి, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు. "మేడం, మీ లెక్కల సారు పాయె. శుక్రవారం మట్టి చేసినారు" అన్నాడు.

"ఎట్ల పోయినాడంట?" అని అడిగాను.

"నిద్దర్లోనేనంట మేడం. మధ్యాన్నం పండుకున్నాడంట, లేయలేదంట."

నాకు మొదట తోచిన మాట చెబితే మీరేమనుకుంటారో గానీ, చెబుతాను. పాపం, మొత్తానికి సారుకు మధ్యాహ్నం నిద్ర దొరికింది అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఆ మాట ఎందుకు తోచిందో చెప్పాలంటే సారు ఆదివారాల గురించి చెప్పాలి. డెబ్బైల్లో నంద్యాలలో ఇంటర్ లెక్కలు చెప్పేవారు ఆయన. సోమవారం నుంచి శనివారం దాకా కాలేజీలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకునేవారు. ఆదివారం పొద్దున చర్చికి పోయి, ఇంటికొచ్చి, అన్నం తిని కాసేపు నడుం వాల్చాలని ఆయన కోరిక. అంతకు మించి ఏమీ కోరని మనిషి. ఎండాకాలంలో, ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో, ఆ ఒక్క కోరికా తీరేది కాదు. ఆయన చర్చి నుంచి వచ్చేసరికే వరండాలో బేతంచెర్ల బండల మీద జనం కూర్చుని ఉండేవాళ్లు. కోయిలకుంట్ల నుంచి, ఉయ్యాలవాడ నుంచి, ఆళ్లగడ్డ నుంచి తండ్రులు, వాళ్ల పక్కన తలొంచుకున్న పిల్లలు, పిల్లల చేతుల్లో మార్కుల కాగితాలు.

అప్పట్లో వేరే రాష్ట్రాల ఇంజనీరింగ్ కాలేజీల్లో మన రాష్ట్రం పిల్లలకని కొన్ని సీట్లు ఉండేవి. మార్కులను బట్టి ఇచ్చేవాళ్లు. కానీ ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో మనమే వరుసగా రాసి పంపాలి. ఆ వరుస తప్పు రాస్తే మంచి మార్కులున్న పిల్ల కూడా ఇంట్లో కూర్చోవాల్సిందే. ముందు రాసిన చోట రాకపోతే, తర్వాతి చోటికి మన వంతు వచ్చేసరికి అక్కడ సీట్లు అయిపోయి ఉండేవి. ఏ ఏడు ఎక్కడ ఎంత మార్కుకు సీటు ఆగిపోయిందో సారు తన దగ్గర చదివిన పిల్లల్ని అడిగి అడిగి గుర్తు పెట్టుకున్నారు. ఆ గుర్తే ఆయన కొంప ముంచింది.

మా వైపు వాళ్లది ఒకటే పొరపాటు. అందరూ ముందు కర్ణాటకే రాసేవాళ్లు. ఎందుకంటే మాకు కర్ణాటక అంటే బళ్ళారి. బళ్ళారి అంటే మా వాళ్ల దృష్టిలో వేరే రాష్ట్రం కానే కాదు. అక్కడ మేనత్త ఉంటుంది, వియ్యపురాలు ఉంటుంది, డబ్బుల్ని దుడ్లంటే అక్కడా దుడ్లే, త్వరగా అనకుండా బేగా రమ్మంటే అక్కడా బేగానే వస్తారు. సీట్లు ఉన్న కాలేజీ బళ్ళారిలో లేదనీ, అది కన్నడ సీమకు అవతలి కొసన సముద్రం పక్కన ఉందనీ సారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

"బళ్ళారిలో మా బామ్మర్ది ఉండాడు సార్" అనేవాడు ప్రతి తండ్రీ.

"బళ్ళారిలో బామ్మర్ది లేనోడు ఈ జిల్లాలో యాడున్నాడప్పా? అందురూ ఆడికే రాస్తే సీట్లు యాడ మిగుల్తాయి?" అని సారు కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకునేవారు. అది ఆయన అలుపుకు గుర్తు. తుడిచిన అద్దాలు మళ్లీ పెట్టుకుని అప్పుడు అడిగేవారు, "ఒగ మాట చెప్పు. నీకు దగ్గర కావాల్నా, సీటు కావాల్నా?"

చాలామందికి ఆ ప్రశ్న అర్థమయ్యేది కాదు. రెండూ కావాలనేవాళ్లు. అయితే రెండూ రావని సారు చెప్పేవారు. ఒరిస్సాలోనూ బీహార్‌లోనూ సీట్లు మిగిలిపోతున్నాయని, మనవాళ్లు భాష రాదని, తిండి సయించదని అటు కన్నెత్తి చూడరని చెప్పేవారు. వినేవాళ్లు వినేవాళ్లు, విననివాళ్లు వినేవాళ్లు కాదు.

ఒకసారి నేను పుస్తకం ఇవ్వడానికి పోయినప్పుడు ఉయ్యాలవాడ రైతు ఒకాయన వచ్చి ఉన్నాడు. కొడుకు మార్కులు చూసి సారు "రాదప్పా" అన్నారు. ఆయన లేవలేదు. సీట్లన్నీ సారు బీరువాలో ఉన్నాయనీ, అడగాల్సిన తీరులో అడిగితే ఒకటి తీసి ఇస్తారనీ ఆయన నమ్మకం.

"మీరు తల్చుకుంటే అయితాది సార్" అన్నాడు.

"నేను మోడం చూసి వానొస్తాదో రాదో చెప్పేవాణ్ణప్పా. వాన కురిపిచ్చేవాణ్ణి కాదు" అన్నారు సారు. తర్వాత ఆ పిల్లవాడి వైపు తిరిగి, "రాదంటే రాదనే. నీకు లెక్కలు రావని కాదు, ఈ తూరి రాదని. ఏడ్చేదుంటే ఈడే ఏడ్చి పో, బస్సులో ఏడ్వాకు. బస్సులో అందురూ సూస్తారు" అన్నారు. ఆ పిల్లవాడు నిజంగానే అక్కడ ఏడ్చాడు. వాడి ఏడుపు అయ్యేదాకా సారు కూర్చున్నారు. లోపల ఆయన కోసం వేసిన మంచం ఖాళీగా ఉంది.

ఆశ పెట్టేది సుళువు, పెట్టిన ఆశ తీసేది కష్టం అనేవారు సారు. అందుకే ఎవరికీ ఉత్త ఆశ పెట్టలేదు. ఆయన్ను కఠినుడన్నవాళ్లూ ఉన్నారు, వాళ్లే మళ్లీ రెండో కొడుకును తీసుకుని వచ్చారు.

వచ్చినవాళ్లందరికీ నీళ్లిచ్చేది అక్క. సారుకు ఒక్కతే కూతురు. వాళ్లమ్మ చాలా ముందే పోయింది. మిషన్ బడిలో చిన్నపిల్లలకు కూడికలు, తీసివేతలు నేర్పేది అక్క. ఆదివారం మాత్రం చెంబుతో నీళ్లు, గ్లాసులు తెచ్చి అందరికీ ఇచ్చి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయేది. ఒరిస్సా పేరు వినగానే ఆడపిల్లల తండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది. "మీ బిడ్డయితే పంపుతారా సార్?" లెక్కల్లో దేనికైనా జవాబు చెప్పే సారు ఈ ప్రశ్నకు మాత్రం, "నా బిడ్డ సంగతి ఇప్పుడెందుకు లేప్పా" అని మాట మార్చేవారు. వంటింట్లో గిన్నెల చప్పుడు కాసేపు ఆగేది. మళ్లీ మొదలయ్యేది.

నా వంతు కూడా వచ్చింది. మాది ఆళ్లగడ్డ. నాయనకు బజార్లో కిరాణా అంగడి. రోజూ శిరివెళ్ల మీదుగా బస్సులో నంద్యాలకు వచ్చి చదువుకున్నదాన్ని. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి. ఇంజనీరింగ్ చదవాలని నాకు ఎంత కోరిక ఉండేదంటే, ఆ మాట పైకి అంటే ఎక్కడ పోతుందోనని ఎవరితోనూ అనేదాన్ని కాదు. సారుకు మాత్రం తెలుసు.

నాయన నన్ను తీసుకుని ఆ వరండాలో కూర్చున్నాడు. అక్క నీళ్లు తెచ్చింది. "దప్పిక లేదు తల్లీ" అన్నాడు నాయన. అంత ఎండలో ఆళ్లగడ్డ నుంచి బస్సులో నిలబడి వచ్చిన మనిషికి దప్పిక లేకపోవడం ఏమిటో అక్కకూ తెలుసు, సారుకూ తెలుసు, నాకూ తెలుసు. శెట్టిగారింటి మనిషి క్రైస్తవుల ఇంట్లో నీళ్లు తాగడం మా బజార్లో ఎవరూ చూడలేదు. అక్క గ్లాసు వెనక్కి తీసుకుంది. నేను మాత్రం రెండేళ్లుగా ఆ ఇంట్లో నీళ్లు తాగుతూనే ఉన్నాను. ఆ రోజు నాయన పక్కనుండగా నేనూ తాగలేదు. గొంతు ఎండిపోతున్నా కూర్చున్నాను.

సారు నా మార్కులు చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు. "కర్ణాటక రాదు శెట్టిగారూ. ఒరిస్సా వస్తాది. ముందు ఒరిస్సా రాస్తేనే వస్తాది. కర్ణాటక ముందు రాస్తే రెండూ పోతాయి" అన్నారు.

"ఒరిస్సానా? ఆడపిల్లను ఆడికి యాడ పంపేది సార్? ఆడ మనోళ్లు ఎవురుండారు? మీ బిడ్డయితే పంపుతారా?"

వంటింట్లో చప్పుడు ఆగింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నా బిడ్డ సంగతి ఇప్పుడెందుకు లేండి" అన్నారు. నాయన లేచాడు. నాకు ఏడవడానికి అక్కడే వీలుంది గానీ, ఏడవలేదు. సారు మాట పెడచెవిన పెట్టి శిరివెళ్ల దాకా బస్సులో ఏడ్చాను. నిజంగానే అందరూ చూశారు.

ఇంటికి పోయాక నాయన తేల్చేశాడు. కర్ణాటక ముందు రాయాలి, వస్తే పంపుతాడు, రాకపోతే నంద్యాలలోనే బీఎస్సీ. అమ్మకు అది న్యాయంగానే తోచింది. పంపనని అనలేదు కదా అంది. నేను కాలేజీలో సర్టిఫికెట్ కోసం పోయినప్పుడు సారుకు ఈ సంగతి చెప్పాను. ఆయన, "కాయితం పంపేదానికి ఇంగా టయిముందా?" అని మాత్రం అడిగారు. ఉందన్నాను.

ఆ ఆదివారం పొద్దున మా అంగడి ముందు బస్సు ఆగింది. సారు దిగారు. ఆదివారం పొద్దున చర్చి వదిలిపెట్టి సారు ఎక్కడికైనా పోయారంటే నమ్మేవాళ్లు నంద్యాలలో లేరు. చెమటతో తడిసిన తెల్ల చొక్కా, నెత్తిన చేతిగుడ్డ. నాయన గాభరాపడి లేచి, శనగపప్పు బస్తా మీద గోనెసంచి పరిచి కూర్చోమన్నాడు. మా ఇల్లు అంగడి వెనకే. నేను తలుపు చాటున నిలబడ్డాను. నాయన పక్క కొట్టు వైపు చేయెత్తి "సోడా ఒగటి తీసుకోరాప్పా" అని కేకేశాడు.

మా బజార్లో అదొక ఆచారం. ఇంటి గ్లాసు ఇవ్వడానికి మనసొప్పని మనిషి వస్తే గోలీసోడా తెప్పిస్తారు. సోడాబుడ్డికి ఇల్లుండదు, వాకిలుండదు. మర్యాద చేసినట్టూ ఉంటుంది, చేయనట్టూ ఉంటుంది. సారుకు ఆ ఆచారం నాకంటే ఎక్కువ తెలుసు. సోడా వచ్చింది. ఆయన గోలీ కొట్టలేదు, పక్కన పెట్టారు.

"శెట్టిగారూ, నాకు బాగా అలుపుగా ఉండాది. ఎక్కువ మాట్లాడను" అన్నారు. "మీ పాపకు కర్ణాటక రాదని మీకు తెలుసు. తెల్సే ముందు రాస్తాండారు. రాలేదంటే దేవుడే ఇయ్యలేదని మీకు నిద్ర పడుతాది. నాకు పట్టదు."

నాయన ముఖం ఎర్రబడింది. "మీకేం సార్, చెప్తారు. మొన్న నేనొగ మాట అడిగితే జవాబు చెప్పకపోతిరి. మీ బిడ్డయితే పంపుతారా?"

అంగడి ముందు ఎవరో వచ్చి బెల్లం అడిగితే నాయన తర్వాత రమ్మన్నాడు.

"పంపలేదప్పా" అన్నారు సారు. శెట్టిగారూ అనలేదు, అప్పా అన్నారు. "సీటొచ్చింది. ఇట్లే, దూరాన. నేనే రాయిచ్చినా, నేనే వద్దన్నా. వాళ్లమ్మ పోయి ఏడాది కాలే. ఇంట్లో ఒగణ్ణే ఎట్లుండాల అనుకున్నా. దూరమని చెప్పినా గానీ, దూరం దానికి కాదు, నాకు. అది ఒగ మాట ఎదురు చెప్పలే. ఇప్పుడు నా ఇంటికొచ్చే వాళ్లందరికీ నీళ్లిస్తాది. మీకూ ఇచ్చింది, మీరు తాగలే. అది ఆ చెంబు పట్టుకొని వచ్చిన ప్రతిసారీ నాకు తల ఎత్తాలంటే కష్టంగా ఉంటాది. మీకట్ల కాకూడదని వచ్చినా. అంతే."

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. అమ్మ నా వెనక నిలబడింది. నాయన చాలాసేపు తక్కెడ పళ్లెం వైపు చూస్తూ ఉన్నాడు. ఖాళీ తక్కెడే. తర్వాత లోపలికి తిరిగి, "పాపా, సారుకు మంచినీళ్లు తీసుకోరా" అన్నాడు.

నాయన తాగే రాగి చెంబులో నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఎవరూ చెప్పకుండానే ఆ చెంబు తీశాను. సారు చెంబెత్తి గటగటా తాగారు. చొక్కా మీద ఒలికాయి. "యాడ రాయాల్నో మీరే చెప్పండి సార్" అన్నాడు నాయన.

ముందు ఒరిస్సా రాశాం. సీటొచ్చింది. నాయనే నన్ను దిగబెట్టాడు. రైళ్లు మారి మారి, ఎవరేం మాట్లాడుతున్నారో తెలియని ఊళ్లో దిగినప్పుడు, "సారు మాట నమ్మి వచ్చినాం, సూద్దాం పా" అని నా పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. మొదటి ఏడాది చాలా కష్టంగా గడిచింది. అన్నం సయించలేదు, భాష రాలేదు, మా బ్యాచ్‌లో ఆడపిల్లలం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే. సెలవులకు వచ్చి సారు దగ్గర గోడు చెప్పుకుంటే, "బక్కగైనావు. అంతే గదా? సదువు మానేంత బక్కగ కాలేదులే" అన్నారు. అది విని నవ్వొచ్చింది, మళ్లీ పోయాను.

ఆ తర్వాత నాయన సరుకులకు నంద్యాల పోయినప్పుడల్లా ఆ వరండాలో కాసేపు కూర్చుని వచ్చేవాడు. అక్క ఇచ్చిన నీళ్లు తాగేవాడట. ఆ సంగతి మొదట్లో మా అమ్మకు కూడా చెప్పలేదు. వీరత్వం అంటే మా నాయనకు అంతవరకే చేతనయింది, దాన్నీ నేను తక్కువ చేసి మాట్లాడను.

ఆళ్లగడ్డ అంగట్లో సారు అన్న మాటలు నేను అక్కకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే చనువు నాకు లేదనుకున్నాను. సారే చెప్పి ఉంటారని కూడా అనుకున్నాను. ఒకే ఇంట్లో ఉన్న తండ్రీ కూతుళ్లు ఆ మాత్రం మాట్లాడుకోరా అని. మనుషుల్ని గురించి ఇంత తప్పు లెక్క నేను మరొకటి వేసి ఉండను.

లైన్‌మన్ చెప్పిన ఆ వారం ఆదివారమే కర్నూలు నుంచి నంద్యాల పోయాను. అక్క ఒక్కతే ఉంది. చుట్టాలు, చర్చి వాళ్లు వచ్చి వెళ్లిపోయారు. సారు కుర్చీ వరండాలోనే ఉంది, పేము సాగిపోయి మధ్యలో గుంట పడి. అక్క జుట్టు బాగా నెరిసింది. ఇద్దరం బండల మీద కూర్చున్నాం. చనిపోయిన రోజు అన్నం తిని, "ఈ దినం ఎవురూ రారులే, కాసేపు పండుకుంటా" అన్నారట సారు. అదే చివరి మాట.

నాకు ఇక దాచుకోవాలనిపించలేదు. అంగడి, సోడాబుడ్డి, రాగి చెంబు, సారు అన్న మాటలు అన్నీ చెప్పాను. అక్క వింటూ కూర్చుంది.

"ఆ ఆదివారం నాకు గుర్తుండాది. చర్చికి రాకుండా యాడికి పోతాండావ్ నాయనా అంటే, పనుందన్నాడు. సాయంత్రం వచ్చి అన్నం తినలే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ మాట నాతో అనింటే సరిపోయేది గదా పాపా. ఆళ్లగడ్డకు పోయి మీ నాయనతో అనె."

"కోపంగా ఉందా అక్కా?"

"కోపమేం లేదు. అలుపొచ్చింది. ఇన్నేండ్లు నాయన తల ఎత్తి నా పక్క సూడకపోతే, నేనేం తప్పు చేసినానో అనుకుంటా ఉంటి."

నాకు దుఃఖం ఆగలేదు. సారు మీద ప్రేమతో ఏడ్చానో, సారు మీద కోపంతో ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. నా బతుకు నిలబెట్టిన మాట ఇంకొకరికి చెందాల్సింది. అది ఆమెకు చేరేసరికి ఆయన మట్టిలో ఉన్నారు.

అప్పుడే గేటు చప్పుడైంది. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకాయన, వెనకాల పదహారు పదిహేడేళ్ల ఆడపిల్ల. పిల్ల చేతిలో చుట్టచుట్టిన కాగితం.

"లెక్కల సారుండాడామ్మా? శిరివెళ్ల నుంచి వచ్చినాం. పాపను యాడికి పంపాల్నో అడుగుదామని."

"సారు లేడప్పా. పోయిన వారం పాయె" అంది అక్క.

ఆయన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "సరేమ్మా, పోతాం" అని వెనుదిరిగాడు. పిల్ల కదల్లేదు. కాగితం వైపు చూస్తూ నిలబడింది.

"ఉండప్పా. ఎండన బడి వచ్చినారు, నీళ్లు తాగి పోదురు" అని అక్క లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చింది గానీ, ఎప్పటిలా ఇచ్చి లోపలికి పోలేదు. ఆ పిల్ల వైపు చూస్తూ నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా సారు కుర్చీలో కూర్చుంది. ఆమె అందులో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇట్ల రా తల్లీ" అని కాగితం అందుకుని, చేయి చాచి దూరంగా పట్టుకుని చూసింది. "ఒగ మాట చెప్పు. నీకు దగ్గర కావాల్నా, సీటు కావాల్నా?"

పిల్ల తండ్రి ముఖంలోకి చూసింది.

"ఆయప్ప పక్క సూడాకు. నిన్నే అడుగుతాండా" అంది అక్క. నీళ్ల చెంబు ఆమె ఒళ్లోనే ఉంది, ఇవ్వడం మరిచిపోయింది. చెంబు అడుగున తడి చీరకు అంటుకుంటోంది. పిల్ల నోరు తెరిచేదాకా ఆమె ఆ కుర్చీలోనే, తల ఎత్తి, కూర్చుని ఉంది.